అదితి పట్టిన పయోవ్రతం పాల డైట్ కాదు

సంపాదకుల గారికి,

నమస్కారం. శివరాత్రి దగ్గర పడుతుందనగా భక్తి పేజీల్లోనూ యూట్యూబ్‌లోనూ ఏటా పయోవ్రతం గురించి నాలుగు ముక్కలు వస్తుంటాయి. "ఫాల్గుణ శుద్ధ పాడ్యమి నుంచి 12 రోజులు పాలు మాత్రమే తాగుతూ విష్ణువును కొలిస్తే సంతానం కలుగుతుంది. అదితి దేవి ఇలాగే వామనుణ్ణి కన్నది." దాదాపు అన్నిచోట్లా ఇంతే. ఇందులో అబద్ధం లేదు. కానీ ఇది చదివి వ్రతానికి దిగేవాళ్ళకు ఇది చాలదు, కొందరికి ప్రమాదం కూడా. షుగరు మాత్రలు, థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్ళు సైతం "పాలే కదా" అని మొదలుపెడుతున్నారు. భాగవతం ఎనిమిదో స్కంధంలో అదితికి భర్త కశ్యపుడు చెప్పిన విధానం ఏమిటో, నేటి ఇళ్ళలో అది ఎక్కడెక్కడ తప్పుతోందో మీ పాఠకుల ముందుంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

తెలుగువాళ్ళకు ఈ వ్రతం పేరు తెలిసి విధానం తెలియకపోవడానికి ఒక కారణం ఉంది. మనకు వామన చరిత్ర అంటే పోతన. ఆయన ఈ ఘట్టంలో పయోభక్షణమనే వ్రతాన్ని కశ్యపుడు ఉపదేశించాడనీ, దాని కాలం, విధానం, జపమంత్రం, ఉపవాస దాన భోజన ప్రకారాలు వివరించాడనీ ఒక్క వచనంలో చెప్పి ముందుకు నడిచాడు. కథ నడపాల్సిన కవికి అది న్యాయమే. సంస్కృత మూలంలో మాత్రం పదహారో అధ్యాయంలో సగానికి పైగా ఈ విధానమే.

ముందు అదితి సంగతి. ఆమె పిల్లలు లేని తల్లి కాదు, ఇంద్రాది దేవతల తల్లి. బలి స్వర్గాన్ని పట్టుకోవడంతో కొడుకులు చెల్లాచెదురై ఎక్కడో తలదాచుకున్నారు. చాలాకాలం సమాధిలో ఉండి వచ్చిన కశ్యపుడు భార్య దిగులు ముఖం చూసి వరసగా ప్రశ్నలు వేస్తాడు. ఇంటికొచ్చిన అతిథి ఎవరైనా ఆదరణ లేకుండా వెళ్ళిపోయాడా? నేను లేనప్పుడు వేళకు అగ్నుల్లో హోమం జరగలేదా? నీ కొడుకులు క్షేమమేనా? మంచినీళ్ళయినా ఇవ్వకుండా అతిథిని పంపే ఇల్లు నక్కల బొరియతో సమానమని కూడా అంటాడు. ఇంట్లో ధర్మానికి ఏ లోటూ రాలేదని చెప్పి, అదితి అసలు బాధ బయటపెడుతుంది: శత్రువులు నా పిల్లల సిరినీ స్థానాన్నీ లాక్కున్నారు, అవి వాళ్ళకు తిరిగి దక్కే మార్గం చెప్పండి. ఆమె కోరిక అది. మరో బిడ్డ కావాలని ఆమె అడగలేదు.

అలాగని సంతానం కోసం ఈ వ్రతం చేసేవాళ్ళను తప్పు పట్టలేం. సంతానం కోరి తాను బ్రహ్మను అడిగితే ఆయన తనకు ఈ వ్రతం చెప్పాడని కశ్యపుడే అంటాడు. కాబట్టి ఆ ఫలం మూలంలోనే ఉంది. అయితే దీన్ని ఫలానా కోరికకే పరిమితం చేస్తే అదితి చేసిన పని చిన్నదైపోతుంది. కశ్యపుడు ఆమె కోరిక విని చిరునవ్వు నవ్వి, ఎవరు ఎవరికి భర్త, ఎవరు ఎవరికి కొడుకు, అంతా మోహమే అని వేదాంతం చెబుతాడు. ఆ మరుక్షణమే వాసుదేవుణ్ణి పూజించమని దారీ చూపిస్తాడు. తల్లి బెంగను ఆయన కొట్టిపారెయ్యలేదు.

ఇక విధానం. వ్రతం పాడ్యమినాడు మొదలవుతుందని అందరూ రాస్తారు గానీ, పని అంతకు ముందురోజు అమావాస్యనాడే మొదలవుతుంది. మూలంలో సినీవాలి అన్నారు, అంటే చతుర్దశి స్పర్శ ఉన్న అమావాస్య. మన పంచాంగాల ప్రకారం అది మాఘ అమావాస్య, శివరాత్రి వెళ్ళిన వెంటనే వస్తుంది. ఆ రోజు అడవిపంది తవ్విన మట్టిని ఒంటికి రాసుకుని, పారే నీటిలో స్నానం చెయ్యమన్నారు. ఆదివరాహం భూమిని పైకెత్తిన సంగతి గుర్తుచేస్తూ "నా పాపాన్ని నశింపజెయ్యి" అని భూదేవిని వేడుకునే మంత్రం అప్పుడు చదవాలి. "దొరికితే" అనే మాట శ్లోకంలోనే ఉంది. కాబట్టి ఈ మట్టి కోసం అడవుల్లోకి పోనక్కరలేదు, ఊళ్ళో మురికి కాలవల పక్కన పందులు కెళ్ళగించిన మన్ను అసలే వద్దు. ఆ మంత్రం చదువుకుని శుభ్రమైన నీళ్ళతో స్నానం చేస్తే సరిపోతుంది. ఒంటిమీద పుండో గాయమో ఉంటే ఎక్కడి మట్టీ రాయకూడదు, ధనుర్వాతం భయం ఉంది.

ఇక్కడ మరో చిక్కు. శివరాత్రి ఉపవాసం, జాగరణ చేసి, నిద్ర లేకుండా అమావాస్య పని చేసి, మర్నాటి నుంచి పాలకు దిగితే మూడో రోజుకే కళ్ళు తిరుగుతాయి. రెండూ చెయ్యదలచినవాళ్ళు అమావాస్యనాడు తొందరగా పడుకోవాలి. ఆ రోజు భోజనం ఉంది. శ్లోకాల వరస చూస్తే నైవేద్యం పెట్టిన పాయసాన్ని ముందు కనీసం ఇద్దరు విప్రులకు వడ్డించి, వాళ్ళ అనుమతితో మిగిలింది ఇష్టులతో కలిసి తినమని ఉంది. ఆ రాత్రి నుంచి బ్రహ్మచర్యం. మర్నాడు, అంటే మొదటి రోజు ఉదయం నుంచి, పాల ఆహారం. ఈ తేడా తెలియక కొందరు 12 రోజులూ పాయసం తింటూ పయోవ్రతం అనుకుంటున్నారు, మరికొందరు అమావాస్యనుంచే పస్తులుంటున్నారు.

పూజ ఎక్కడ చెయ్యాలన్నదానికి మూలం చాలా ఉదారంగా ఉంది. విగ్రహంలో, నేలమీద పరిచిన వేదికపై, సూర్యుడిలో, నీటిలో, అగ్నిలో, గురువులో, ఎక్కడైనా సరే. ఆవాహనకు తొమ్మిది శ్లోకాలు ఉన్నాయి. "నమస్తుభ్యం భగవతే పురుషాయ మహీయసే" అని మొదలై "భగవాన్ మే ప్రసీదతామ్" అని ముగుస్తాయి. వాటి మధ్యలో "నమః శివాయ రుద్రాయ" అనీ వస్తుంది. విష్ణువ్రతంలో ఇదేమిటని ఆ శ్లోకం వదిలేసేవాళ్ళున్నారు. వదలకూడదు, హరినే ఆ పేర్లతో పిలుస్తున్నారు. ఆ తర్వాత పాద్యం, ఆచమనం, గంధం, మాలలు, పాలతో అభిషేకం, వస్త్రం, యజ్ఞోపవీతం, ఆభరణం, మళ్ళీ గంధం, ధూపం. ఇవన్నీ ద్వాదశాక్షరితోనే. "ఓం నమో భగవతే వాసుదేవాయ" లో ఓంకారంతో కలిపి 12 అక్షరాలు.

అభిషేకానికి ఎన్ని పాలు అన్న లెక్క మూలంలో లేదు. గుప్పెడంత విగ్రహానికి ఒక చిన్న గ్లాసు ధారాళంగా చాలు. ఆ పాలు తూములోకి పోకుండా పళ్ళెంలో పట్టుకుని తీర్థంగా తీసుకోవాలి. రాగి పాత్ర మాత్రం వద్దు. రాగిలో పాలు నిషిద్ధమని పెద్దలు చెప్పేదానికి తోడు, పంచామృతంలో వాడే పెరుగు, తేనె లాంటి ఆమ్లగుణం ఉన్న పదార్థాలు రాగిని కరిగించి విషం చేస్తాయి. వెండి, స్టీలు, మట్టి, ఏదైనా పరవాలేదు. కచ్చితంగా చిలుం పట్టిన ఇత్తడి కాకూడదు.

నైవేద్యం శాలిబియ్యం పాలలో వండి నెయ్యి, బెల్లం కలిపింది. "స్తోమత ఉంటే" అన్నారు. కొలతలు మూలంలో లేవు గనక వంటింటి లెక్క చెబుతున్నాం. ఇద్దరు అతిథులకు, నైవేద్యానికి, హోమానికి కలిపి ఒక లీటరు పాలు, 100 గ్రాముల బియ్యం, 150 గ్రాముల బెల్లం, రెండు మూడు చెంచాల నెయ్యి. బియ్యం పాలలో పూర్తిగా, మెతుకు వేలితో నలిగేటంతగా ఉడకాలి. బెల్లం ముందే పడితే మెతుకు అక్కడితో ఆగిపోతుంది, ఎంతసేపు ఉంచినా పలుకు పోదు. ఇక మరుగుతున్న పాలలో బెల్లం వేస్తే చాలాసార్లు విరుగుతాయి, బెల్లంలో ఉండే పులుపు అంత వేడిమీద పాలను విరిచేస్తుంది. పొయ్యి ఆపి, కాస్త చల్లారాక, విడిగా కరిగించి వడగట్టిన బెల్లం కలపాలి. వడగట్టితే ఇసుక కూడా పోతుంది. విరిగిన పాయసాన్ని నైవేద్యం పెట్టరు.

నివేదించాక అదే మూలమంత్రంతో హోమం. నిత్యం అగ్ని లేని ఇళ్ళలో పురోహితుణ్ణి పిలిచి చిన్న గుండంలో చేయించుకోవాలి. అపార్ట్‌మెంట్లలో బాల్కనీ కన్నా కిటికీలు తెరిచిన హాలే నయం, గాలికి నిప్పురవ్వలు ఎగరవు. తర్వాత ఆచమనం ఇచ్చి, తాంబూలం, 108 జపం, స్తోత్రం, ప్రదక్షిణ, సాష్టాంగం, నిర్మాల్యం శిరసున ధరించడం, ఉద్వాసన. ఇదంతా రోజూ, విప్రుల భోజనంతో సహా. మూడుపూటలా స్నానం, నేలపడక, బ్రహ్మచర్యం, ఏ ప్రాణినీ నొప్పించకపోవడం, పనికిమాలిన మాటలు మానడం కూడా వ్రతంలో భాగమే. ఈ చివరిది అన్నిటికంటే కష్టం, ఫోను చేతిలో ఉన్నవాళ్ళకు మరీను.

రోజుల లెక్కలో గందరగోళం ఎక్కువగా ఉంది. శ్లోకం "12 రోజులు" అంటుంది, మరోచోట "పాడ్యమి మొదలు శుక్ల త్రయోదశి దాకా" అంటుంది. అలా లెక్కిస్తే 13 తిథులు. పాలమీద ఉండేది ద్వాదశి దాకా, త్రయోదశి సమాప్తి రోజు అని తీసుకుంటే రెండూ కుదురుతాయి. మధ్యలో తిథి క్షయమో వృద్ధో వస్తే ఒక రోజు అటూ ఇటూ అవుతుంది కనుక మొదలుపెట్టే ముందే పంచాంగం చూసి సంకల్పం చెప్పుకోవాలి. ఫాల్గుణ శుద్ధ ఏకాదశి ఈ మధ్యలోనే పడుతుంది. ఏకాదశినాడు అన్నం ముట్టని అతిథికి పాయసం ఎలా వడ్డిస్తారు? శ్లోకాల్లో దీనికి మినహాయింపు చెప్పలేదు. ఆ రోజుకు ఏం చెయ్యాలో పురోహితుణ్ణి ముందే అడిగి పెట్టుకోవాలి గానీ, పదకొండో రోజు ఉదయం వెతుక్కోకూడదు.

ఇప్పుడు పాల సంగతి. లీటరు టోన్డ్ పాలలో సుమారు 580 నుంచి 600 కిలోకేలరీలు, 6 శాతం వెన్న ఉన్న ఫుల్ క్రీమ్ పాలలో 850 పైచిలుకు ఉంటాయి. ఇంటిపని చేసుకునే స్త్రీకి రోజుకు దాదాపు 1,700 కావాలి. లీటరున్నర టోన్డ్ పాలతో రోజు గడిపితే అందులో సగం మాత్రమే అందుతుంది. కళ్ళు తిరిగి పడిపోవడానికి కారణం భక్తిలో లోపం కాదు, ఈ లెక్క. ఫుల్ క్రీమ్ రెండు లీటర్లయితే సరిపోతుంది. కానీ అంత పాలలో 90 గ్రాములకు పైగా లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. అది అరగనివాళ్ళు మన పెద్దల్లో చాలామందే. వాళ్ళకు రెండో రోజుకే కడుపుబ్బరం, విరేచనాలు పట్టుకుంటాయి. ఒకేసారి పెద్ద గ్లాసులు తాగకుండా పావు లీటరు చొప్పున రోజంతా పంచుకుంటే కొంత తట్టుకుంటారు. పాలలో పీచు ఉండదు కాబట్టి మలబద్ధకం వస్తుంది. నీళ్ళు తాగకూడదని ఎక్కడా లేదు, బాగా తాగాలి. ఫాల్గుణం నాటికి ఎండ ముదురుతుంది, కాచిన పాలు మధ్యాహ్నానికి పులిసిపోతాయి. రెండు పూటలా విడిగా కాచుకోవాలి.

మందుల విషయం పత్రికలు తప్పక రాయాలి. థైరాయిడ్ మాత్రకూ పాలకూ మధ్య కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి, పాలలోని కాల్షియం మందును ఒంటికి పట్టనివ్వదు. ఐరన్ మాత్రలు, కొన్ని యాంటీబయాటిక్‌లు కూడా అంతే. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు ఆహారం తగ్గించి మందు మామూలుగా వేసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు ఇంత పాలలోని పొటాషియం, ఫాస్ఫరస్ చేటు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీనికి దిగకూడదు. మందు వేసుకుంటే వ్రతం చెడుతుందన్న భయం అనవసరం. నీళ్ళు, దుంపలు, పళ్ళు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం, ఈ ఎనిమిదీ వ్రతభంగం చెయ్యవని పాత శ్లోకమే ఉంది. పాలమీద ఉండలేనివాళ్ళు పళ్ళు కూడా తీసుకుంటామని సంకల్పంలోనే చెప్పుకుని పూజ, జపం, అతిథి భోజనం పూర్తిగా చెయ్యవచ్చు. మధ్యలో పడిపోయి ఆసుపత్రి పాలవడం కంటే అది మేలు.

ఈ వ్రతం ఆడవాళ్ళు చెయ్యవచ్చా అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కశ్యపుడు చెప్పిందే స్త్రీకి. చేసింది ఆమె ఒక్కతే, 12 రోజులూ ఏమరుపాటు లేకుండా చేసింది అని పదిహేడో అధ్యాయం మొదట్లోనే ఉంది.

త్రయోదశి రోజును మాత్రం అందరూ నిర్లక్ష్యం చేస్తున్నారు. ఎక్కువ మంది ద్వాదశి వెళ్ళగానే ఇడ్లీ తిని ముగించేస్తారు. మూలం బరువంతా అక్కడే ఉంది. విధానం తెలిసినవారి చేత విష్ణువుకు పంచామృత స్నపనం, అంటే అభిషేకం, చేయించాలి. పాలలో చరువు, అంటే హోమానికి వేసే అన్నం, వండి శిపివిష్టుడనే పేరున్న విష్ణువుకు సూక్తంతో యజించాలి, పురుషసూక్తం చదవడం వాడుక. ఆచార్యుడికీ, హోమం చేయించిన ఋత్విజులకూ వస్త్రాలు, దక్షిణలు. ఈ సందర్భంలో "విత్తశాఠ్యం" లేకుండా చెయ్యాలని ఒక మాట వాడారు: డబ్బు ఉండి కూడా లేదనిపించే లోభం. అప్పు చేసి ఆర్భాటం చెయ్యమని కాదు, "శక్తి కొద్దీ" అన్న మాట ఆ శ్లోకాల వరసలోనే ఉంది. ఆ తర్వాత భోజనాలు. ఆచార్యులు, ఋత్విజులు, అక్కడికి వచ్చిన ఇతరులు, కుక్కమాంసం వండుకునేవారని సమాజం వెలివేసినవారి దాకా, దీనులు, అంధులు, నిరుపేదలు, అందరూ తిన్నాక వ్రతం చేసినవాళ్ళు బంధువులతో కలిసి తినాలి. అదే విష్ణువుకు ప్రీతి అని శ్లోకం. అందుకే దీన్ని పాల డైట్ అంటే ఒప్పుకోలేం. ఒకరు తక్కువ తిని రోజూ కనీసం ఇద్దరికి, చివర్న గుమ్మంలోకి వచ్చిన అందరికీ పెట్టడమే ఈ విధానం. శాస్త్రోక్తమైన పూజ చేయించుకునే ఇళ్ళలో కూడా ఈ ఆఖరి పంక్తిని కత్తిరించేస్తున్నారు. ఆ పంక్తి లేకపోతే మిగిలిందానికి పయోవ్రతమన్న పేరు పెట్టకూడదని మా అభిప్రాయం.

ఈ సందర్భంలో అదితి అక్కచెల్లెళ్ళలో మరొకరైన దితిని కూడా గుర్తు చేసుకోవాలి. ఆమెకూ భర్త కశ్యపుడే, వ్రతం చెప్పింది ఆయనే. ఆ కథ భాగవతం ఆరో స్కంధంలో వస్తుంది. మార్గశిర శుక్ల పాడ్యమి నుంచి ఏడాది పాటు సాగే పుంసవన వ్రతం. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని ఆమె పట్టింది. ఏడాదికి దగ్గరపడ్డాక ఒక సంధ్యవేళ, వ్రతంతో చిక్కి సొలసి, ఎంగిలి మూతి కడుక్కోకుండా, కాళ్ళు కడుక్కోకుండా నిద్రపోయింది. పొంచి ఉన్న ఇంద్రుడు గర్భంలో దూరి పిండాన్ని ఏడు ముక్కలు, ఒక్కోదాన్ని మళ్ళీ ఏడు ముక్కలు చేశాడు. ఆ 49 మందీ మరుత్తులై ఇంద్రుడికే తోడయ్యారు. ఈ కథను "కాళ్ళు కడుక్కోకపోతే ఇలా అవుతుంది" అన్న భయంగా పిల్లలకు చెబుతారు. అలసట వల్ల నియమం తప్పుతుందన్నది అందులో అసలు సంగతి. పైన నిద్ర గురించి, ఆహారం లెక్క గురించి అంత రాసింది అందుకే.

అదితికి దక్కిన సమాధానం కూడా మనం పూర్తిగా చెప్పం. పీతాంబరం, నాలుగు చేతులు, శంఖచక్రగదలతో ప్రత్యక్షమైన విష్ణువు "నీ మనసులో ఉన్నది నాకు తెలుసు, కానీ నీ పిల్లల శత్రువులు ఇప్పుడు జయించరానివాళ్ళు, విప్రుల అండ వాళ్ళకు ఉంది, పరాక్రమంతో సుఖం లేదు" అని అంటాడు. అయినా తన పూజ వృథా కాకూడదు కనుక నీ కొడుకుగా పుడతానంటాడు. శ్రవణా నక్షత్రం, ద్వాదశి, మిట్టమధ్యాహ్నం అభిజిత్ ముహూర్తంలో వామనుడు పుట్టి, యుద్ధం లేకుండా మూడడుగులు యాచించింది అందుకే. తన రాక గురించి "ఎవరు ఎంత అడిగినా చెప్పకు, దేవరహస్యం దాస్తేనే నెరవేరుతుంది" అని కూడా ఆమెతో అంటాడు. రోజుకో అభిషేకం ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేవాళ్ళు ఈ శ్లోకం ఒకసారి చూసుకోవచ్చు.

సంపాదకుల గారూ, మీ పత్రిక ఈసారి పయోవ్రతం గురించి వేసేటప్పుడు మూడు అంశాలు చేర్చమని కోరుతున్నాం. మాఘ అమావాస్య, ఫాల్గుణ శుద్ధ పాడ్యమి, ద్వాదశి, త్రయోదశి తిథులు మొదలయ్యే, ముగిసే వేళలు. మందులు వాడేవాళ్ళు ముందుగా తమ వైద్యుణ్ణి అడగాలన్న ఒక వాక్యం, పెట్టె కట్టి, పెద్ద అక్షరాల్లో. త్రయోదశి నాటి భోజనాల వరస, అందరూ తిన్నాకే వ్రతస్థులు తినాలన్న మాటతో సహా.

భవదీయులు,
భాగవత పాఠకులు కొందరు,
రాజమహేంద్రవరం